కత్తి పుట్టిన ఊరు

పెద్దమడుగు రేంజిలోని ఫారెస్టు వాచర్లకు మంచి కత్తులు కొనివ్వాలని శాఖ నిర్ణయించింది. కొత్తవి ఎలాగూ వస్తున్నాయి కదా అని, నిర్ణయం జరిగిన రోజే వాచర్ల దగ్గరున్న పాత కత్తులన్నీ వెనక్కి తీసుకుని, గోనెసంచుల్లో కట్టి, తుక్కు కింద జిల్లాకు పంపేశారు. ఆ విధంగా ఆ రేంజిలో కత్తుల సంస్కరణ మొదలైంది.

దీనికంతటికీ కారణం భీమ్‌రావు. కిందటి ఎండాకాలం తాళ్ళగూడ పక్కన ఇప్పపూలు ఏరుకునేవాళ్లు చెట్టు కింద ఆకులు కాల్చారు. గాలి మారింది. మంట ఊరి వైపు తిరిగింది. మంట దాటకుండా పొదలు నరికి, నేల గీకి, ముందుగానే సిద్ధం చేసి ఉంచాల్సిన వెడల్పాటి బాటను ఫైర్‌లైను అంటారు. ఆ ఏడు అది సగమే అయింది. మిగతా సగం కొడుతుండగా వాచరు భీమ్‌రావు చేతిలోని కత్తి పిడిలోంచి ఊడిపోయింది. అతను పచ్చికొమ్మ విరిచి దానితోనే మంటను బాదుతూ నిలబడ్డాడు. ఊరు మిగిలింది.

శాఖ రెండు నిమిషాలు మౌనం పాటించింది. సెక్షన్ ఆఫీసరు పోశెట్టి మౌనం ఇంకా పూర్తి కాలేదు.

తాళ్ళగూడ అడవి అతని సెక్షన్‌లోనిదే. భీమ్‌రావుతో కలిసి అందులో తిరిగి తిరిగి తల నెరిసినవాడు. ఈసారి ఇప్పపూలు రాలడం మొదలుకాకముందే ఫైర్‌లైను పూర్తిగా కొట్టించాలి. అతనికి కావలసింది అంతే. అందుకు కత్తులు కావాలి. కత్తుల కోసం రాజధాని నుంచి ఒక ప్రత్యేకాధికారి వస్తున్నాడని తెలిసినప్పుడు పోశెట్టి సంతోషించాడు కూడా.

వచ్చినాయన పేరు చక్రపాణి. విదేశాల్లో ఆరుబయట జీవనం మీద ఏదో శిక్షణ పొంది వచ్చాడు. రేంజి ఆఫీసులో గోడకు తెల్లదుప్పటి కట్టించి, దాని మీద బొమ్మలు వేయించి, వాచర్లను నేల మీద కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ముందుగా ఒక మనవి. కత్తి అనే మాట వాడకండి. అందులో హింస ధ్వనిస్తుంది. దస్త్రాల్లో దాని పేరు ‘స్థిరఫలక ఛేదనోపకరణం’. అనగా, మడత లేని అలుగు గల కోత సాధనం."

వాచర్లలో పెద్దవాడు సిడాం జంగు చెయ్యెత్తాడు. భీమ్‌రావుకు బావమరిది. "నిన్న గా తీగెల నడుమ పాము అడ్డమొచ్చింది సార్. గంత పేరు పిలిచేదాంక ఆగుతదా?"

రేంజరు వేణుమాధవ్ కళ్లతోనే జంగును కూర్చోబెట్టాడు. చక్రపాణి మాత్రం ఏమీ అనుకోలేదు. గొప్ప పనిలో ఉన్నవాళ్లకు చిన్న మాటలు వినపడవు.

"ఛేదనోపకరణాన్ని ఎంపిక చేయుటకు ముందు దాని జన్మస్థలం తెలిసి ఉండాలి" అన్నాడాయన. "ఫిన్లాండు చూడండి. బర్చి అనే చలిదేశపు చెట్టు కర్రతో పిడి. మంచులో కూడా చేయి జారదు. ఇది స్వీడన్. ఇది జపాను, పొర మీద పొర వేసి సాగగొట్టిన ఉక్కు. ఆ దేశంలో కమ్మరి స్నానం చేయనిదే కొలిమి ముట్టడు."

"మా లింబాద్రి పండుగకొకసారి చేస్తడు" అని వెనకనుంచి ఎవరో గొణిగారు.

ఆయన తెచ్చిన నమూనా కత్తులు చేతులు మారాయి. అందమైన వస్తువులు. ముఖం కనిపించే మెరుపు. జంగు ఒకదాన్ని పట్టుకుని బయటికెళ్లి, ప్రహరీ పక్క ముళ్లపొద మీద రెండు దెబ్బలు వేసి, చేతినిండా గీరుకుపోయిన గాట్లతో తిరిగొచ్చాడు.

"ఎట్లున్నదే?" అన్నాడు పోశెట్టి.

"మంచిగనే ఉన్నది సార్. పండు కోసుకోవచ్చు. పండు మాత్రం మనమే తెచ్చుకోవాలె."

పోశెట్టి లేచి, వీలైనంత వినయంగా అడవి సంగతి చెప్పాడు. ఇక్కడి పొదల్లో తీగను లాగి తెంపాలంటే కత్తికి ముక్కు వంగి ఉండాలి. అలుగు బరువుగా ఉండాలి, దెబ్బ దాని బరువుతోనే పడాలి. అలుగు తోక పిడిలో చివరిదాకా దిగి, అవతల మడిచి ఉండాలి. లేకపోతే ఊడుతుంది. ఊడితే ఏమవుతుందో అతను చెప్పలేదు. జంగు నేలచూపులు చూశాడు.

"అటువంటి ఉపకరణం ఏ దేశంలో లభ్యమగును?" అన్నాడు చక్రపాణి.

"తాళ్ళగూడల" అన్నారు వాచర్లంతా.

చక్రపాణి మొండివాడు కాదు. వెంటనే జీపు తీయించాడు. పోశెట్టికి మళ్లీ ఆశ పుట్టింది.

కమ్మరి లింబాద్రి కొలిమి తాళ్ళగూడ మొదట్లోనే ఉంది. పాత లారీల కమాన్‌పట్టీలను ఎర్రగా కాల్చి కత్తులు కొడతాడు. సిగ్గూ మొగమాటం లేని మనిషి. "నా కత్తికి నేనే భయపడ్త సార్. ఒరల పెట్టినంక గూడ దాని దిక్కు వీపు పెట్ట" అంటూ ఒక కత్తి తెచ్చి చక్రపాణి చేతిలో పెట్టాడు.

చక్రపాణి బొటనవేలితో అంచు తడిమాడు. "ఇది తెగదే!"

"యాడికెళ్లి తెగుతది? ఇంక నూరలే. మా ఊర్ల కమ్మరి నూరడు సార్. కొట్టుడు నాది, నీళ్లల్ల ముంచుడు నాది, పిడి ఏసుడు నాది. మొదటి పదును మాత్రం కొన్నోడే పెట్టుకోవాలె. గుమ్మం కాడ ఆ సానరాయి అందుకే ఉన్నది. ఎవడు మొదలు నూరితే కత్తి వాని మాట ఇంటది. నేను నూరితే నా మాటింటది. నాకెందుకు గా లొల్లి?"

జంగు ఆ కత్తి తీసుకుని, రాయి మీద నీళ్లు చల్లి, కాసేపు నూరి, వెదురుబొంగు మీద వేశాడు. బొంగు రెండు ముక్కలై, ఏం జరిగిందో తెలియనట్టు ఒక క్షణం అలాగే నిలబడి, తర్వాత పడింది.

"అమోఘం" అన్నాడు చక్రపాణి. "ఇదే. దీన్నే కొందాం."

పోశెట్టి చేతులు జోడించబోతుండగా వేణుమాధవ్ దగ్గాడు. "సార్, ఒక చిన్న చిక్కు. స్థానిక కుమ్మక్కు నివారణ నిబంధన ఉంది కదా. ఏ రేంజి అయినా తన హద్దులోపల తయారైన వస్తువును కొనకూడదు. చీపుర్ల కొనుగోలు కుంభకోణం తర్వాత వచ్చింది సార్. తాళ్ళగూడ మన రేంజిలోనిదే."

"ఔను" అన్నాడు చక్రపాణి గర్వంగా. "ఆ నిబంధన ముసాయిదా నాదే."

అందరూ కొలిమి వైపు చూశారు. కొలిమి తన హద్దు సంగతి తెలియకుండా మండుతోంది.

చక్రపాణి కొలిమి చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "తయారగుట అనగానేమి? ఇనుము ఇనుమే. కర్ర కర్రే. కోయగల శక్తి రానంతవరకు అది ఛేదనోపకరణం కాదు, కేవలం లోహఖండం. ఈయన చెప్పినదాని ప్రకారం ఆ శక్తి వచ్చేది మొదటి పదునుతో. కావున ఛేదనోపకరణం యొక్క జన్మస్థలం అది తొలిసారి నూరబడిన స్థలం!"

"అంటే సార్?" అన్నాడు పోశెట్టి.

"అంటే, వీటిని పక్క రేంజిలో నూరండి."

ఒప్పుకోవాల్సిందే, అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. లింబాద్రి మాత్రం, "మరి నేను ఇన్నేండ్లసంది ఏం చేస్తున్న సార్?" అని అడిగాడు.

"లోహఖండములు" అన్నాడు చక్రపాణి ఆప్యాయంగా.

కత్తులన్నీ సిద్ధమయ్యాక జీపులో వేసుకుని, సానరాయిని పెకలించి ఎక్కించి, వాచర్లను వెనక ట్రాక్టరులో కూర్చోబెట్టి, హద్దురాయి దాటి కోరటివాగు రేంజిలోకి వెళ్లారు. వాగు ఒడ్డున షామియానా వేశారు. చక్రపాణి కొబ్బరికాయ కొట్టాడు. వాచర్లు ఒక్కొక్కరే వచ్చి ఎవరి కత్తి వాళ్లు నూరుకున్నారు. కోరటివాగు రేంజరు వచ్చి, తన రేంజి ఇంత తేలిగ్గా పారిశ్రామిక కేంద్రం అయినందుకు ఆనందం వెలిబుచ్చి, జిలేబీ తిని వెళ్లాడు. ఫోటోలు తీశారు.

తిరిగి వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర మౌలానా గేటు దించాడు.

మౌలానా పెద్దమడుగు రేంజి వాడే. పోశెట్టి కిందివాడే. అయినా గేటు ఎత్తలేదు.

"సార్, మీ మీద నమ్మకం లేక కాదు. పదునైన ఆయుధం ఏదీ రేంజిలోకి రావొద్దని రాసి ఉన్నది. వేటగాళ్ల గురించి పెట్టిన్రు. గని, వేటగాళ్లు మాత్రమే అని యాడ లేదు. కింద సంతకం చూడున్రి."

సంతకం చక్రపాణిది.

"పదునో కాదో నీకెట్ల తెలుసు?" అన్నాడు పోశెట్టి.

మౌలానా తన డబ్బాలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి బల్ల మీద పెట్టాడు. "తెగితే ఆయుధం. తెగకపోతే ఇనుము. రోజూ గిట్లనే చూస్త."

ప్రతి కత్తికీ ఉల్లిగడ్డ తెగింది. జీపులో వాళ్లందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. చక్రపాణి కూడా కళ్లు తుడుచుకుంటూ, తన కింది సిబ్బంది నిబంధనలను ఇంత నిష్ఠగా పాటించడం చూసి మనసు నిండిపోయిందని అన్నాడు.

ఇంక మిగిలిన దారి ఒకటే. కత్తులను చెక్‌పోస్టు మెట్ల రాయికేసి అరగదీసి మొద్దు చేశారు. మొద్దయిన కత్తులు రేంజిలోకి ప్రవేశించాయి.

మర్నాడు పోశెట్టి ఆఫీసు మెట్ల మీద కూర్చుని అడిగాడు. "ఇప్పుడు వీటిని ఇక్కడ నూరుకోవచ్చా సార్?"

"ఇక్కడ నూరితే ఇక్కడ తయారైనట్టే కదా" అన్నాడు వేణుమాధవ్. "స్థానికం అయిపోతాయి."

"మొదటి పదును అక్కడే పెట్టినం గదా. ఇది రెండోది."

"మొద్దయినప్పుడే అది లోహఖండం అయింది. దాని పాత జన్మ అయిపోయింది. మళ్లీ నూరితే మళ్లీ మొదటిదే." వేణుమాధవ్ చెడ్డవాడు కాదు. రెండేళ్లలో పదవీ విరమణ. ఆ రెండేళ్లూ ఏ కాగితం మీదా తన పేరు ఒంటరిగా కనిపించకూడదన్నదే అతని కోరిక.

పదును పెడితే గేటు దాటదు. గేటు దాటాక పదును పెడితే ఊరిది అవుతుంది. ఈ సంగతి రాజధానికి తెలియజేశారు. చక్రపాణి ఉత్సాహంగా మళ్లీ ఒకసారి వాగు ఒడ్డుకు ప్రయాణం పెట్టించాడు, బహుశా మొదటిసారి ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని. జరగలేదు. మళ్లీ నూరారు, మళ్లీ ఉల్లిగడ్డలు తెగాయి, మళ్లీ మెట్లకేసి అరగదీశారు.

"అన్నా, ఇంకొక్కసారి తోల్కపోతే ఇవి సూదులైతయి" అన్నాడు లింబాద్రి పోశెట్టితో. "గప్పుడు దర్జీకి అమ్ముకుందురు గని."

అడవిలో ఆకు రాలుతోంది. పాదం వేస్తే చప్పుడవుతోంది. ఇప్పకొమ్మల కొనల్లో మొగ్గలు కనిపిస్తున్నాయి. పోశెట్టి ప్రతి ఉదయం తాళ్ళగూడ పక్కకు వెళ్లి, ఫైర్‌లైను ఉండాల్సిన చోట పెరిగిన పొదలను చూసి వచ్చేవాడు. కిందటి ఏడు ఎక్కడిదాకా అయిందో తెలుస్తూనే ఉంది. అక్కడినుంచి పొదలు చిక్కగా ఉన్నాయి. అక్కడ అతను కొంచెంసేపు నిలబడేవాడు.

ఆ వారంలోనే చక్రపాణి పరిష్కారంతో దిగాడు. ఈసారి దుప్పటి మీద పటం వేయించాడు.

"కత్తిని అటు ఇటు తిప్పడమే మన పొరపాటు" అన్నాడు. ఉత్సాహంలో ఆయన కూడా కత్తి అనేశాడు. "కదలాల్సింది ఉపకరణం కాదు. హద్దు! తాళ్ళగూడ గ్రామాన్ని, దాని చుట్టూ ఉన్న అడవితో సహా, కోరటివాగు రేంజికి బదలాయిస్తున్నాం. ఇకమీదట లింబాద్రి గారు పరాయి రేంజి ఉత్పత్తిదారు. మనం నిరభ్యంతరంగా కొనవచ్చు. చెక్‌పోస్టు పాత చోటనే ఉంటుంది గనుక కొలిమికి, ఆఫీసుకు మధ్య గేటే లేదు!"

చప్పట్లు మోగాయి. పోశెట్టి కూడా రెండు చప్పట్లు కొట్టాక ఆగిపోయాడు. "సార్, అడవి గూడ పోతే, మరి కత్తులు..."

"క్రమంగా ఆలోచిద్దాం" అన్నాడు చక్రపాణి.

ఒక వంతెన కోసం ఏళ్ల తరబడి కదలని శాఖలో హద్దు మూడు రోజుల్లో కదిలింది. హద్దురాళ్లను ఎడ్లబండి మీద వేసుకుని కొత్త చోట పాతారు. లింబాద్రి కొలిమి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే వేరే రేంజికి వెళ్లిపోయాడు. ఆ కత్తులనే ఈసారి నిబంధన ప్రకారం కొన్నారు. గుమ్మం దగ్గర తిరిగి పాతిన సానరాయి మీదే వాటికి మళ్లీ మొదటి పదును పెట్టారు. పెద్దమడుగు ఆఫీసులో గాజు బీరువాలో వరసగా పేర్చారు. మెరుస్తున్నాయి.

అడవితోపాటు వాచర్లు కూడా కోరటివాగు రేంజికి బదిలీ అయ్యారు. పోశెట్టి పెద్దమడుగులోనే ఉండిపోయాడు. పెద్దమడుగు రేంజికి ఆఫీసు, రోడ్డు, కొన్ని కానుగ మొక్కలు మిగిలాయి. వాటి సంరక్షణకు ఒక బీరువా నిండా కత్తులున్నాయి. కోరటివాగు రేంజరుకు అడవి ఉంది, వాచర్లున్నారు, కత్తులు లేవు. ఒక రేంజి ఉపకరణం ఇంకో రేంజికి ఇచ్చే వీల్లేదు. కొందామంటే, తాళ్ళగూడ ఇప్పుడు ఆయన హద్దులోపలి ఊరు.

జంగు వచ్చి బీరువా అద్దంలోంచి తన కత్తిని చూసుకున్నాడు. "మంచిగ పండుకున్నది సార్. లేపకున్రి."

"ఇప్ప రాలుతున్నదా?" అన్నాడు పోశెట్టి.

"నిన్నటి సంది. మా చెల్లె గంప పట్టుకొని పోయొచ్చింది."

జంగు చెల్లెలంటే భీమ్‌రావు భార్య. పోశెట్టి బల్ల దగ్గర కూర్చుని, చక్రపాణి గారు ఇన్నాళ్లుగా జారీ చేసిన నిబంధనలన్నీ ముందు వేసుకుని, మొదటినుంచి చివరిదాకా చదివాడు. కోపంతో కాదు. ఆ మనిషి ఎలా ఆలోచిస్తాడో తానూ అలాగే ఆలోచించి చూడాలనుకున్నాడు. అది అనుకున్నంత కష్టం కాలేదు. కొంత భయం కూడా వేసింది.

తర్వాత లేచి, బీరువా తాళం తీసి, జంగును పిలిచాడు. ఇద్దరూ కలిసి కత్తులన్నిటినీ ఆఫీసు వెనక బండకేసి అరగదీశారు.

వేణుమాధవ్ పరుగెత్తుకొచ్చాడు. "పోశెట్టీ! ఏం చేస్తున్నావయ్యా?"

"ఏం లేదు సార్. మన దగ్గర కత్తులు ఇంక లేవు. లోహఖండాలున్నయి. ప్రత్యేకాధికారి గారి మాటే. తుక్కు ఆఫీసుల పెట్టుకోవద్దని ఇంకో కాయితం ఉన్నది. తీసుకపోయి వాగు కాడ పడేసొస్త."

వేణుమాధవ్ అటూ ఇటూ చూశాడు. "నా సంతకం కావాలా?"

"అక్కర్లేదు సార్. తుక్కే గదా."

"అయితే నేను చూడలేదు" అని ఆయన లోపలికి వెళ్లి, గది తలుపు వేసుకుని, ఫ్యాను వేగం పెంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తాళ్ళగూడ కొలిమి గుమ్మం దగ్గర సానరాయి మళ్లీ తడిసింది. వాగు దగ్గర దొరికిన తుక్కును వాచర్లు వరసగా కూర్చుని నూరారు. "ఇగ ఇది ఎన్నో మొదటి పదునో దేవునికే ఎరుక" అన్నాడు లింబాద్రి. సాయంత్రానికి పొదలు పడటం మొదలైంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ అడవిలో దెబ్బ వెంట దెబ్బ వినిపిస్తూనే ఉంది. పోశెట్టి వెళ్లి, తనది కాని రేంజిలో, తనవి కాని పొదలను లాగి పక్కకు వేశాడు. కిందటి ఏడు ఆగిపోయిన చోటుకు వచ్చినప్పుడు మిగతావాళ్లు కత్తులు దించి పక్కకు జరిగారు. జంగు ఒక్కడే ముందుకు వెళ్లి ఆ కొంచెం మేర తానే కొట్టాడు.

మంట వచ్చింది. కొండ వాలు మీదుగా పెద్దగానే వచ్చింది. లైను దాకా వచ్చి, దాటడానికి ఏమీ దొరక్క, ఒక రాత్రంతా గొణిగి ఆరిపోయింది. తాళ్ళగూడలో ఒక కోడిపిల్లకు కూడా సెగ తగల్లేదు.

ఇంత చక్కటి ఫైర్‌లైను ఆ జిల్లాలోనే లేదని తేలడంతో చక్రపాణి స్వయంగా తనిఖీకి వచ్చాడు. పాత హద్దులు తెలిసినవాడు కావాలని పోశెట్టిని వెంటబెట్టుకొచ్చాడు. లైను వెంట నడుస్తూ, నున్నగా తెగిన మోళ్లను చూస్తూ, ఒకచోట ఆగాడు.

"ఈ రేంజికి ఛేదనోపకరణములు మంజూరు కాలేదు. దేనితో నరికారు?"

వాచర్లు జంగు వైపు చూశారు. జంగు పోశెట్టి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

"చేతులతోని సార్."

"కేవలం చేతులతో?"

"మాకు ఇంకేమిచ్చిన్రు సార్?"

చక్రపాణి చలించిపోయాడు. జంగు చేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు. అరచేతుల్లో కాయలు, వేళ్ల మీద ముళ్ల గీతలు. వాటిని తిరగేసి, మరగేసి చూశాడు. "అద్భుతం. ఇటువంటి సాధనం ఉండగా మనం ఉపకరణముల కోసం దేశదేశాలు వెతికాం! వీటినే అన్ని రేంజీలకూ ఆదర్శంగా సిఫారసు చేస్తాను." పక్కనున్న గుమాస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు.

అంతలో చక్రపాణి నుదురు ముడిపడింది. చేతులు వదల్లేదు.

"ఇవి ఎక్కడివి?"

"ఏవి సార్?"

"ఈ చేతులు. నీ పుట్టుక ఏ ఊరు?"

"తాళ్ళగూడనే సార్."

"అంటే ఇదే రేంజి." ఆయన గొంతు నిజమైన బాధతో తగ్గింది. "స్థానికం! స్థానిక చేతులను అదే రేంజిలో వినియోగించడం... నిబంధన..."

గుమాస్తా కలం ఆగింది. వీళ్లను కూడా ఊరినుంచి తీసి ఏ దూరపు రేంజికో పంపించే కాగితం పుట్టబోతోందని అందరికీ అర్థమైంది.

పోశెట్టి ఒక అడుగు ముందుకు వేశాడు. "సార్, మనవి. జంగు పుట్టిననాడు తాళ్ళగూడ పెద్దమడుగు రేంజిల ఉండె. మొన్ననే గదా తమరు మార్చిన్రు. జన్మస్థలం చూసుకుంటే ఈ చేతులు పెద్దమడుగువి. ఈ రేంజికి పరాయి చేతులే."

చక్రపాణి ఆ వాదాన్ని ఆసాంతం చూశాడు. ఎక్కడా పగులు కనిపించలేదు. ఆయన ముఖం విప్పారింది. "రాయవయ్యా. చేతులు అర్హములు. ఇకపై వాచర్లకు ఛేదనోపకరణముల అవసరం లేదు. బడ్జెట్టు కూడా రద్దు."

జీపు పోశెట్టిని అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. దుమ్ము సద్దుమణిగింది.

"ఏమన్నడు సార్?" అన్నాడు జంగు. "సక్కగ సమజ్ గాలే."

"నీ చేతులు పనికొస్తయన్నడు."

"మరి కత్తులు?"

"ఇయ్యరట. చేతులున్నయి గదా."

జంగు తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత పక్కనున్న ఆకుల కుప్పలో ఆ చేయి పెట్టి, వంగిన ముక్కున్న కత్తిని బయటికి లాగి, లైను అవతలి వైపు పొదల్లోకి నడిచాడు. వాన పడేలోపు అటు కూడా కొట్టాలి.